తెల్ల తువ్వాలు పట్టుకుని ఢిల్లీ సరిహద్దు దాకా

కూర్చో స్నేహా. అట్లా గుమ్మానికి ఆనుకుని కాదు, ఇటు మంచం పక్కకి వచ్చి కూర్చుని సరిగ్గా విను. మాట చెబితే ఫోనే రాసుకుంటుందంటావు గానీ నాకు దాని మీద నమ్మకం లేదు. నువ్వు చేత్తో రాయి. మన వైపు నుంచి పాత లారీలో మిరపకాయలు వేసుకుని ఢిల్లీ పోదామనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, ముందు ఇది చదివి పోవాలి. జరిగిందాంట్లో సగం నాకే ఇంకా అర్థం కాలేదు. అర్థం కాని చోట అర్థం కాలేదనే రాయి. నీ సొంత తెలివి కలపొద్దు.

ముందు లారీ సంగతి చెప్పాలి. అది నా పేరు మీద ఉంది. మీ తాత ముప్పై ఏళ్ళు వాళ్ళ లారీలూ వీళ్ళ లారీలూ తోలి, ఆఖరికి బొల్లాపల్లి దగ్గర ఎకరం అమ్మి దీన్ని కొన్నాడు. కొన్న రోజునే కాగితాలన్నీ నా పేరున రాయించాడు. "నీ పేరునుంటే నువ్వు ఊ అనకుండా ఎవుడూ అమ్మలేడు కరుణమ్మా" అన్నాడు. ఆయన పోయి అయిదేళ్ళు. ఇప్పటికీ ఆ కాగితాలు నా బీరువాలో, బైబిలు కింద ఉంటాయి.

క్రిస్మస్ అయిన వారానికి మీ నాన్న ఒక ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఏందిరా ప్రభా ఇది?"

"బండి అమ్మే కాయితం మా. నువ్వు సంతకం పెట్టాల."

"ఏం రోగమొచ్చిందిరా దానికి?"

"రోగం బండికి కాదు, ఢిల్లీకి. ఆడ గాలి చెడిపోయిందంట. పొగ పెరిగిన రోజుల్లో మన రకం బండ్లని లోపలికి రానియ్యటం లేదు. ఇంక ముందు ముందు అసలే రానియ్యరంట. మనది ఫోరు. సిక్సుండాల."

"సిక్సే గదరా! చక్రాలు లెక్కపెట్టుకో!"

మీ నాన్న తల పట్టుకున్నాడు. చక్రాలు కాదంట, ఇంజను ఎంత పొగ వదలాలో ప్రభుత్వం పెట్టిన తరగతి అంట. అంకె పెరిగేకొద్దీ పొగ తగ్గుతుందంట. అయితే మన బండికి పొగ రాదు కదా అన్నాను. రాదని నాకెట్లా తెలుసంటే, తువ్వాలు ఉంది.

మీ తాత రోజూ పొద్దున్నే బండి స్టార్టు చేసి, ఉతికిన తెల్ల తువ్వాలు ఒకటి సైలెన్సరు గొట్టం ముందు పట్టుకుని పది లెక్కపెట్టేవాడు. తువ్వాలు మీద నల్ల మచ్చ పడితే ఆ రోజు బండి కదలదు. నేరుగా మెకానిక్కు దగ్గరికే. ఆయన పోయాక ఆ పని నేనే చేస్తున్నాను. అయిదేళ్ళలో మచ్చ పడింది రెండే రెండుసార్లు. అట్లాంటి బండిని పొగ వస్తుందని ఆపేది ఎవరు? మీ నాన్నకి ఏదో కొత్త బండి మీద మోజు పుట్టి ఢిల్లీ పేరు చెబుతున్నాడని అనుకున్నాను. నిజం చెప్పాలంటే అబద్ధమాడుతున్నాడనే అనుకున్నాను.

"నేనూ వస్తా. ఆపేవాడెవుడో నా కళ్ళ ముందర ఆపమను. ఆపితే సంతకం పెడతా. ఆపకపోతే ఈ ఫారం పొయ్యిలో పెడతా."

"డెబ్బై ఏళ్ళ దానివి, లారీలో ఢిల్లీ వస్తావా?"

"కూర్చునే గదరా వచ్చేది!"

అట్లా బయలుదేరాను. ఫారం మాత్రం మీ నాన్న చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. నేను చూశాను.

ఇక్కడ ఒక విషయం రాసుకో, మళ్ళీ వస్తుంది. మన మిరపకాయ అప్పటికే బాగా ఎండి గలగలమంటోంది. అట్లాగే బస్తాల్లో తొక్కితే విరిగి గింజ రాలిపోతుంది. అందుకే మన దగ్గర ముందు రోజు సాయంత్రం కల్లంలో కాయ మీద కాసిని నీళ్ళు చల్లి, పట్టా కప్పి, తెల్లారి మెత్తబడ్డాక తొక్కుతారు. ఆదివారం గుడి నుంచి వచ్చాక ఆ పని నేనే దగ్గరుండి చేయించాను. దూరం పోవాలి కదా అని, కూలోళ్ళు చాలన్నా వినకుండా ఇంకో రెండు బిందెలు ఎక్కువ చల్లించాను. నాలుగో రోజుకి ఢిల్లీ మార్కెట్లో బస్తాలు విప్పుతారు, ఆ తడి గాలికి ఆరిపోతుంది. ఇన్నేళ్ళూ అట్లాగే జరిగింది.

మంగళవారం ఉదయం ఆరింటికి కదిలాం. రెండొందల ఇరవై బస్తాలు, మీ నాన్న, నేను, డ్రైవరు మస్తాను. మస్తాను మీ తాత దగ్గరే స్టీరింగు పట్టుకోవడం నేర్చుకున్నాడు. ఇప్పుడు వాడికీ యాభై అయిదు దాటాయి. హిందీ బాగా వచ్చు. కదిలే ముందు నేను ప్రార్థన చేశాను, మస్తాను బిస్మిల్లా అన్నాడు, బంపరుకి నిమ్మకాయలూ మిరపకాయలూ కూడా వాడే కట్టాడు. ఢిల్లీ గేటు దగ్గర ఈ మూడింట్లో ఒక్కదాని పలుకుబడీ పనిచేయలేదు. తువ్వాలు పరీక్ష కూడా చేశాను. పది లెక్కపెట్టాను. మల్లెపువ్వులా ఉంది. మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఎనిమిదింటికి పిడుగురాళ్ళలో టిఫిను. ఇడ్లీ ప్లేటు నలభై. సున్నం బట్టీల దుమ్ముకి హోటలు రేకులు కూడా తెల్లగా ఉన్నాయి. పదింటికి వాడపల్లి దగ్గర కృష్ణ దాటాం. రెండున్నరకి హైదరాబాదు బయట రింగు రోడ్డు మీద భోజనం, నూట ఇరవై. పెరుగు మాత్రం బాగుంది. ఆడవాళ్ళు లారీలో పోతే గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. దాబాల దగ్గర కాకుండా పెద్ద పెట్రోలు బంకుల దగ్గరే ఆగమనాలి. అక్కడ బాత్రూములు ఉంటాయి, తలుపులకి గడియలు కూడా ఉంటాయి. పడుకోవడానికి సీటు వెనక చెక్క బల్ల ఉంది. మీ నాన్న దాని మీద బొంత పరిచాడు. సుఖంగానే ఉంది గానీ, గతుకు వచ్చినప్పుడల్లా మీ తాత ఇన్నేళ్ళు నడుం నొప్పి అంటే నేను పట్టించుకోలేదే అని గుర్తొచ్చేది.

బుధవారం మధ్యాహ్నం నాగపూర్. అక్కడి దాబాలో మిర్యాలగూడ లారీ డ్రైవరు ఒకతను పక్క మంచం మీద రొట్టె తింటున్నాడు. మేమూ ఢిల్లీకేనని తెలిసి మా బండి వైపు చూసి నవ్వాడు.

"ఫోరా? పోనిస్తరో, పోనియ్యరో ఎవరికెర్క? పొద్దుగాల ఒక మాట, మాపటికింకో మాట."

"పొగ రాకపోయినా ఆపుతారా బాబూ?" అన్నాను.

"పొగను ఎవరు చూస్తరమ్మా? నంబరు కొడితే ఫోన్ల అంత వస్తది. నేనైతే ఢిల్లీ కిరాయి బందు పెట్టిన. ఇండోరు దాక పోత, ఆన్నే దించుత."

అప్పుడు మొదటిసారి నాకు అనుమానం తగిలింది. ఇతనికి మా ఫారం సంగతి తెలియదు, మీ నాన్నతో చుట్టరికం లేదు. మరి అదే మాట చెబుతున్నాడేమిటి? మీ నాన్న నా వైపు చూడకుండా ఉల్లిపాయ నములుతూ కూర్చున్నాడు.

గురువారం సాగరు, ఝాన్సీ. అక్కడి నుంచి చలి. నా స్వెట్టరు మీద మీ నాన్న స్వెట్టరు కూడా వేసుకున్నాను. శుక్రవారం పొద్దున ఆగ్రా దాటాం. నాకు తాజ్ మహల్ చూపించమంటే మస్తాను గోడలాంటి పొగమంచు వైపు చెయ్యి చూపించి, "అదుగో, దానెనకుంది పెద్దమ్మా" అన్నాడు. నేను చూసినట్టే రాసుకో.

మధ్యాహ్నం మూడున్నరకి ఢిల్లీ సరిహద్దు. లారీలని పగలు ఎటూ రానివ్వరు, రాత్రి పదకొండు దాటాకే. ముందే పోయి వరసలో నిలబడదామని వచ్చాం. చూస్తే వరస కాదు, తిరణాల. రోడ్డు పక్కన ఎంత దూరం చూసినా లారీలే. డ్రైవర్లు కింద కూర్చుని పేకాడుకుంటున్నారు, బట్టలు ఉతుక్కుంటున్నారు. సూర్యుడు ఆకాశంలో ఉన్నాడు గానీ తోమని ఇత్తడి పళ్ళెంలా ఉన్నాడు, నేరుగా కళ్ళతో చూడొచ్చు. గొంతులో ఏదో కాలిన వాసన. కళ్ళు మండుతున్నాయి. మిరపకాయల బండిలో నాలుగు రోజులు కూర్చున్నా మండని కళ్ళు, దిగిన అయిదు నిమిషాలకి మండాయి.

మీ నాన్న కాగితాలు తీసుకుని చెక్‌పోస్టుకి పోయి వచ్చాడు. మొహం చూస్తేనే తెలిసింది.

"ఆపారు మా. నిన్నటి నించి ఫోరు బండ్లు బందు. పాలు, మందులు, కూరగాయలుంటేనే వదులుతారంట."

"మిరపకాయ కూరగాయ కాదా?"

"పచ్చిదైతే కూరగాయంట. ఎండితే కాదంట."

"రెండూ ఒక చెట్టువే గదరా!"

"నేనూ అదే చెప్పా," అన్నాడు మస్తాను. "ఎండితే సరుకంట పెద్దమ్మా. ఇంకో వారం ముందే కోసుంటే ఢిల్లీలోకి పోయేవాళ్ళం."

నాకు కోపం వచ్చింది. సంచిలో తువ్వాలు తీసుకుని దిగాను. మీ నాన్న వద్దు మా వద్దు మా అంటూ వెనకే వచ్చాడు. చెక్‌పోస్టు దగ్గర ఖాకీ బట్టల్లో ఒకతను నిలబడి ఉన్నాడు, ముప్పై అయిదేళ్ళుంటాయి, మూతికి మాస్కు. తువ్వాలు అతని ముందు విప్పి పట్టుకున్నాను.

"అడగరా మస్తానూ. ఇందులో మచ్చ చూపించమను. మూడు రోజుల కింద మా బండి గొట్టానికి పెట్టి పట్టింది. కావాలంటే ఇప్పుడే ఇతని ముందర మళ్ళీ పడతా."

మస్తాను హిందీలో చెప్పాడు. ఎంత చెప్పాడో, ఏం కలిపాడో నాకు తెలియదు. చుట్టూ డ్రైవర్లు పోగయ్యారు. ఒకడు నవ్వాడు. ఆ ఖాకీ అతను మాత్రం నవ్వలేదు. తువ్వాలుని అటూ ఇటూ తిప్పి చూసి, మాస్కు తీసి, లోపలి వైపు కాదు బయటి వైపు నాకు చూపించాడు. ముక్కు ఉండే చోట రెండు పక్కలా బూడిద రంగు. పొయ్యి మీద గిన్నె దించిన గుడ్డలా ఉంది.

"పొద్దున్నే కొత్తది పెట్టుకున్నాడంట," అన్నాడు మస్తాను మెల్లగా. "'అమ్మా, నీ బండి తప్పని నేననటం లేదు. కానీ ఒక్కో బండి దగ్గర తువ్వాలు పట్టుకుని నేను లెక్కపెట్టలేను. నాకు నంబరే తెలుసు' అంటన్నాడు."

స్నేహా, పోట్లాడదామని పోయిన దాన్ని, నా చేతిలో తెల్ల తువ్వాలు, అతని చేతిలో బూడిద మాస్కు. ఆ మాట వరకూ నాకు అర్థమైంది. ఆ తర్వాతే అంతా అయోమయం. మా తువ్వాలు తెల్లగా ఉంటే అతని మాస్కు మాసింది ఎవరి వల్ల? మీ నాన్న నా భుజం పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు. ఫారం మాట ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు.

మరి ఎప్పుడు వదులుతారు అంటే, గాలి వీస్తే అన్నారు. గాలి వీస్తే పొగ చెదిరిపోతుందంట, అప్పుడు గేటు తీస్తారంట. మన కల్లంలో తూర్పారబట్టడానికి గాలి కోసం చేటలు పట్టుకుని నిలబడతాం చూడు, అట్లా అంతమంది మొగాళ్ళు లారీలు ఆపుకుని గాలి కోసం నిలబడ్డారు. ఒక్క ఆకు కదల్లేదు.

సాయంత్రం అయిదింటికి రోడ్డు పక్క టీ బండి దగ్గర కూర్చున్నాను. టీ పదిహేను, అల్లం బాగా వేసింది. కాచే మనిషి నా ఈడుదే, తలమీద ముసుగు. టీ పోస్తూ పోస్తూ ఆగి దగ్గుతుంది, కొంగులోంచి ఆయాసానికి వాడే చిన్న మందు గొట్టం తీసి నోట్లో కొట్టుకుంటుంది, మళ్ళీ పోస్తుంది. పాపం లారీల పొగకేనా అని మస్తానుతో అడిగించాను.

"లారీలొస్తే ఊపిరాడదంట," అన్నాడు మస్తాను. "రాకపోతే ఈవిడ టీ తాగేవాడు లేడంట. ఆగిపోతేనే మంచిదంటంది. ఆగితే రెండు రోజులు టీ అమ్ముడుపోయిద్ది, పొగా రాదు అంటంది."

ఆమె నా వైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు.

శనివారం పొద్దున ఏడింటికి లేచేసరికి పట్టా మీద మంచు నీళ్ళలా కారుతోంది. ఎందుకో అనుమానం వచ్చి పట్టా అంచు ఎత్తి, బస్తాల మధ్య చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. బయట అంత చలిలో, లోపల దూడ పొట్ట మీద చెయ్యి పెట్టినట్టు వెచ్చగా. ముక్కు దగ్గర పెట్టుకుంటే మగ్గిన వాసన.

చల్లించింది నేను. రెండు బిందెలు ఎక్కువ చల్లించింది నేను. ఎప్పటిలా రాత్రికే లోపలికి పోయి ఉంటే ఈపాటికి బస్తాలు విప్పి గాలికి పోసేవాళ్ళు. ఇట్లా పట్టా కింద ఇంకో రోజు ఉంటే బూజు పడుతుంది, బూజు పడితే ఆ కాయ ఎవరికీ పనికిరాదు. మన ఒక్కళ్ళదే కాదు, మన పక్క చేల వాళ్ళు నలుగురిది కూడా ఆ బండిలో ఉంది.

"ఒరేయ్ ప్రభా, కాయ వేడెక్కతంది. నీళ్ళు ఎక్కువ చల్లించా నేను."

మీ నాన్న వచ్చి చెయ్యి పెట్టి చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగడుగులు అవతలికి పోయి నిలబడి, మళ్ళీ వచ్చాడు.

"ఇంక గాలి కోసం ఆగేది లేదు మా. చిన్న బండ్లలోకి మార్చాల్సిందే."

గ్యాసుతో నడిచే చిన్న బండ్లు అక్కడ ఈగల్లా తిరుగుతున్నాయి. వాటిని లోపలికి వదులుతారు. మన సరుకు వాటిలోకి ఎక్కించుకుని మార్కెట్టుకి చేరుస్తారు. బేరం చూడు. మామూలు రోజుల్లో రెండున్నర వేలకి పోయే దూరానికి ఆ రోజు ఒక్కో బండికి ఎనిమిది వేలు అడిగారు. ఇంతమంది ఆగిపోయారని వాళ్ళకీ తెలుసు కదా. మస్తాను గంటసేపు వాదించి ఆరున్నర వేలకి దించాడు. అట్లాంటి బండ్లు నాలుగు కావాలి. పైన కూలీలకి వేరే. ఇక్కడి నుంచి ఢిల్లీకి మన బండి కిరాయిలో డీజిలూ టోలూ పోను మిగిలేది ఎంతో మీ నాన్న ప్రతి ట్రిప్పుకీ నాకు చెబుతాడు. ఆ మిగిలేదంతా ఈ ఆఖరి ముప్పై కిలోమీటర్లు మింగేసింది. ఇంకా నోరు తెరుచుకునే ఉంది.

కూలీలు ఇనప కొక్కేలతో బస్తాలని లాగి విసురుతుంటే నేను తట్టుకోలేకపోయాను.

"మెల్లిగా దించండయ్యా, కాయ విరిగిద్ది!"

వాళ్ళకి నా భాష రాదు. అయినా ఒక ముసలాయన కొక్కెం పక్కన పెట్టి చేతులతో దించడం మొదలుపెట్టాడు. అరుపుకి భాష అక్కర్లేదు కాబోలు.

మీ నాన్న ముందు బండిలో పోతే, పదకొండింటికి ఆఖరి చిన్న బండిలో డ్రైవరు పక్కన కూర్చుని నేనూ ఢిల్లీలోకి పోయాను. ఎంత విచిత్రం చూడు. మిరపకాయలూ పోయాయి, నేనూ పోయాను. మన బండి ఒక్కటే గేటు బయట ఉండిపోయింది. అద్దంలోంచి అది కనిపించినంత సేపూ చూశాను. ఇంకొకటి కూడా చెప్పాలి. మాకు ముందు పోతున్న పాత టెంపో ఒకటి నల్లటి పొగ కక్కుతోంది. దాన్ని ఎవరూ ఆపలేదు. ఎందుకని సైగ చేసి అడిగితే ఆ చిన్న బండి డ్రైవరు ఏదో చెప్పాడు, నవ్వాడు. నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదనే రాయి.

మార్కెట్లో బస్తాలు విప్పితే పద్నాలుగు బస్తాలు మెత్తబడి తొడిమల దగ్గర తెల్లగా బూజు తిరిగాయి. మిగతావి దక్కాయి. ఆ పద్నాలుగూ మన లెక్కలోనే వేయించాను, పక్క చేల వాళ్ళ మీద పడనివ్వలేదు. కమీషను కొట్టు గుమస్తా ఒకతను చాలా మర్యాదగా మాట్లాడాడు. టీ ఇప్పించాడు. టీ ఇచ్చాక మీ నాన్నతో ఏదో అన్నాడు. బయటికొచ్చాక మీ నాన్న నాకు చెప్పాడు.

"వచ్చే లోడు నించి సిక్సు బండిలో వస్తేనే సరుకు తీసుకుంటాడంట మా. సరిహద్దు దగ్గర సరుకు ఆగితే అతనికీ నష్టమేగా."

ఆ రాత్రి స్టేషను దగ్గర లాడ్జి, గది తొమ్మిదొందలు, వేడి నీళ్ళు బకెట్టుకి ముప్పై వేరే. మస్తాను ఫరీదాబాదు వైపు నుంచి హైదరాబాదుకి యంత్రాల లోడు దొరికిందని, ఢిల్లీలోకి అడుగు పెట్టకుండానే బండి తిప్పుకుని పోయాడు. ఫోనులో "పెద్దమ్మా, బండి బంగారం లాగా పోతంది" అన్నాడు. నన్ను ఊరుకోబెట్టడానికని తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం మూడు ముప్పావుకి రైలు. స్లీపరు టిక్కెట్టు ఏడొందల చిల్లర. నాకు కింద బెర్తు వచ్చింది. ఎదురుగా గుంటూరు పోయే ఒకామె, మొగుడిది మిలటరీ ఉద్యోగమంట, ఒళ్ళో బిడ్డ.

"ఈడకొచ్చిన కాణ్ణించి పిల్లకి దగ్గే పిన్నిగారూ," అంది. "రైలెక్కితే చాలు, తగ్గిపోద్ది."

నిజంగానే ఆగ్రా దాటాక ఆ బిడ్డ దగ్గలేదు. నిద్రపోయింది.

నాకు మొహం జిడ్డుగా అనిపించి, తుడుచుకోవడానికి సంచిలో చెయ్యి పెడితే ఆ తువ్వాలే తగిలింది. తడిపి మొహమూ మెడా తుడుచుకున్నాను. విప్పి చూసుకుందును కదా, నల్లగా ఉంది. లేత నలుపు కాదు, మసి. అయిదేళ్ళు గొట్టం ముందు పట్టుకుంటే రెండుసార్లు మచ్చ పడిన తువ్వాలు, ఢిల్లీలో రెండు రోజులు తిరిగిన నా మొహం తుడిస్తే నల్లబడింది. ఎదుటామె చూసి "మాకు రోజూ ఇంతే పిన్నిగారూ" అంది, వంటింట్లో మాట చెప్పినట్టు.

నేను తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కిటికీలోంచి చూశాను. ఆ ఖాకీ అతను ఈపాటికి ఇంకో మాస్కు మార్చి ఉంటాడు. టీ కాచే ఆమె గొట్టం కొట్టుకుంటూ ఉంటుంది. వాళ్ళు ఏం చేస్తారు, ఎక్కడో ఒక చోట గీత గీయాలి కదా. ఆ గీత మన బండి ముందే పడింది. బండి తప్పు చేయలేదు. అయినా పడింది. మాట అన్నాను కాబట్టి నిలబెట్టుకోవాలి.

"ప్రభా, జేబులో కాయితం తియ్యరా."

మీ నాన్న పై బెర్తు మీద నుంచి తల వంచి చూశాడు. ఆరు రోజులుగా ఆ ఫారం గుండెల మీద పెట్టుకుని తిరిగాడు, ఆ గేటు దగ్గర కూడా తీయలేదు.

"ఇప్పుడొద్దులే మా. ఇంటికి పోయాక చూద్దాం."

"తియ్యి. అబద్ధమాడుతున్నావనుకున్నా నేను."

"తెలుసులే."

"తెలిసీ తీసుకొచ్చావా?"

"నువ్వు చూడకుండా పెడితే, నాన్న బండి నేను గుంజుకున్నట్టుండేది."

దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. సంచిలోంచి బైబిలు తీసి, ఫారం దాని మీద పెట్టుకుని సంతకం పెట్టాను. రైలు కుదుపుకి కరుణమ్మలో రు కొమ్ము ఎటో పోయింది. ఇది నీ సంతకం కాదు, మళ్ళీ పెట్టు అంటారేమో ఆఫీసులో. అంటే అనని, మళ్ళీ పెడతాను. మొదటిసారి పెట్టినప్పుడే పోవలసిందంతా పోయింది.

సోమవారం రాత్రి ఏడున్నరకి బెజవాడలో దిగి, గుంటూరు మీదుగా పోయే బస్సెక్కాం. రైల్లో పులిహోర అరవై, ఉప్పు లేదు, కొనొద్దని రాయి. బస్సు ఫిరంగిపురం దాటాక మన గాలి తగిలింది. గుండెల నిండా పీల్చుకున్నాను. అప్పుడు అడిగాను మీ నాన్నని.

"బండి ఎవురు కొంటన్నార్రా?"

"పిడుగురాళ్ళాయన మా. సున్నం తోలటానికి. మనమనుకున్న ధర రాలా, ఢిల్లీకి పనికిరాని బండ్లన్నీ అందరూ ఒక్కసారే అమ్ముకుంటన్నారు. ఈయనైతే రోజుకి నాలుగు ట్రిప్పులు తిప్పుతాడంట."

"పిడుగురాళ్ళలోనా? మన పక్కనేగా!"

"ఆఁ. నీకు కావాలంటే రోజూ కనపడిద్ది."

"అది కాదురా నేననేది. ఢిల్లీ వాళ్ళకి పడని పొగ మనకి పడిద్దా?"

మన పేట దీపాలు కనిపిస్తుంటే మీ నాన్న లేచి సంచి దించాడు.

"ఈడ గేటు లేదు మా," అన్నాడు.

అదీ ప్రయాణం. ఆరున్నర రోజులు, పోను లారీ, రాను రైలు. పోయేవాళ్ళు స్వెట్టర్లు రెండు పెట్టుకోండి, కాయ మీద నీళ్ళు చల్లొద్దు, మీ బండి అంకె ముందే చూసుకోండి. అంతవరకూ చెప్పగలను. మిగతాది నాకు తెగటం లేదు స్నేహా. ఆ పిడుగురాళ్ళాయన రేపు పొద్దున బండి తీసుకుపోవడానికి వస్తాడు. మస్తాను ఇందాకే తెచ్చి వాకిట్లో పెట్టాడు, చూశావుగా. నేను తువ్వాలు రెండుసార్లు ఉతికాను, ఆ మసి పూర్తిగా పోలేదు. రేపు ఆయన ముందర బండి స్టార్టు చేయించి గొట్టం దగ్గర పట్టుకుని చూపిద్దామంటే, ఉన్న మచ్చని చూసి అది మన బండిదే అనుకుంటాడేమో. కొత్త తువ్వాలు తీసుకుపోయి, ఇదుగో నాయనా, రోజూ పొద్దున్నే ఇట్లా పట్టుకుని పది లెక్కపెట్టు, మచ్చ పడితే ఆ రోజు బండి కదల్చొద్దు, ఎవరూ ఆపకపోయినా నువ్వే ఆపు అని చెబుదామనుకుంటే, ఆయనేమో రోజుకి నాలుగు ట్రిప్పులంటున్నాడు, ఎదురుగా గేటు లేనప్పుడు మనిషి తనకు తానే...

"అత్తయ్యా! ఎంతసేపు పిలవాల? అన్నం చల్లారిపోతంది, ఆ పిల్లని కూడా తీసుకురండి!"

వస్తన్నా, వస్తన్నా. స్నేహా, మీ అమ్మ పిలుస్తంది, ఆ మాట దగ్గరే ఆపు, నేను వచ్చి, ఆ బీరువాలో కొత్త తువ్వాలు ఎక్కడుందో చూస్తా.